వాగు ఎండ్రకాయకు చరిత్ర లేదా?

కోయల గురించి రాసిన పుస్తకాలు తెరిస్తే పోడు ఉంటుంది, ఇప్పపువ్వు ఉంటుంది, విల్లంబులు ఉంటాయి, రేల ఆట ఉంటుంది. తిండి దగ్గరికి వచ్చేసరికి జొన్న జావ, అడవి గడ్డలు, వేట మాంసం, జీలుగు కల్లు అని నాలుగు మాటలు రాసి దాటేస్తారు. వాగు ఎండ్రకాయ 'చేపలు, పీతలు మొదలైనవి' అన్న మాటలో కలిసిపోతుంది. దమ్మపేట చుట్టుపక్కల గూడేల్లో పుట్టి పెరిగిన మాకు ఆ 'మొదలైనవి' దగ్గరే పేచీ. వానాకాలంలో పొద్దుగూకాక పొయ్యిలో కాలే ఎండ్రకాయ వాసన లేకుండా మా చిన్నతనం లేదు. ఈ వ్యాసం ఆ వాసన గురించే. దాంతోపాటు వాగు ఎవరిది అన్న ప్రశ్న గురించి కూడా.

రికార్డు ఎవరు రాస్తారు, ఎందుకు రాస్తారు అని చూస్తే ఎండ్రకాయ అందులో లేకపోవడంలో వింత లేదు. గోదావరి అవతలి భద్రాచలం తాలూకాను నిజాం 1860లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు. 1874లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిసింది. ఇవతల పాల్వంచ వైపు ఉన్న మనం నిజాం రాజ్యంలోనే మిగిలాం. ఏరు ఒకటే, గట్టులు ఒకటే, చుట్టరికాలు ఒకటే, సర్కార్లు మాత్రం రెండు. ఆ రెండూ అడవిని కొలిచాయి. టేకు, వెదురు, చింతపండు, తేనె, బంక. ఏది అమ్మితే డబ్బు వస్తుందో, దేని మీద పన్ను వేయొచ్చో అది లెక్కలోకి ఎక్కింది. తరవాత 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. అది కాటా పెట్టి తూచేదీ అమ్మే సరుకునే. ఎండ్రకాయను ఎవరూ కాటా మీద పెట్టలేదు. పట్టినరోజే కాల్చుకుని తినేదానికి కాటా ఎందుకు?

1940లలో హైమెన్‌డార్ఫ్ నిజాం రాజ్యంలోని ఆదివాసీ ప్రాంతాల్లో తిరిగాడు. కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. జీలుగు మాను లోపలి పిండి, మామిడి టెంకల పిండి తిని కరువు నెలలు ఎలా దాటేవారో శ్రద్ధగా రాశాడు. ఆ శ్రద్ధకు మనం రుణపడే ఉన్నాం. అయితే బయటివాళ్లు మన తిండిని చూసేటప్పుడు ముందుగా ఆకలే కనిపిస్తుంది. ఆకలి నిజమే. కానీ మనం ఆకలి కోసమే తినలేదు. రుచి కోసం తిన్నాం, సరదాకు తిన్నాం, చుట్టం వస్తే ముందు పెట్టడానికి కాల్చాం. ఈ రెండో సంగతి రాసేవాళ్లు మన ఇళ్లలోంచే రావాలి.

ముందు మాట సంగతి. కోస్తావాళ్లు పీత అంటారు, మన వైపు ఎండ్రకాయ. ఎండ్రి అన్న ఈ మాట చాలా పాతది. తమిళంలో నండు, మలయాళంలో ఞండు, కన్నడలో ఏడి, ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయని ద్రావిడ భాషల నిఘంటువు చేసినవాళ్లు చూపించారు. అంటే ఈ భాషలు విడిపోకముందే మన పూర్వీకులు ఎండ్రకాయకు పేరు పెట్టుకున్నారన్నమాట. తమిళుల పాత సంకలనం ఐంగురునూరులో పొలం ఎండ్రకాయ మీద పది పద్యాల గుచ్ఛమే ఉంది. మన దగ్గర అలాంటి పుస్తకం లేదు, నోటి మాట ఉంది. టీచర్లకు ఒక పని చెబుతాం. ఎండ్రకాయను, దాని చిప్పను, దాని బొక్కను, పిల్లల తల్లిని ఇంట్లో అవ్వ ఏమేమి పేర్లతో పిలుస్తుందో పిల్లల్ని అడిగి బోర్డు మీద రాయించండి. తెలుగులో మూడు మాటలు వచ్చేచోట కోయ భాషలో ఎన్ని వస్తాయో అప్పుడు చూడండి.

మన వాగుల్లో, వరిమళ్లలో ఉండేది మంచినీటి ఎండ్రకాయ. శాస్త్రం పుస్తకాల్లో ఓజియోటెల్ఫ్యూసా, బారీటెల్ఫ్యూసా అని పేర్లు ఉంటాయి. సముద్రపు పీతకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. సముద్రపు పీత గుడ్ల నుంచి కంటికి ఆనని పురుగుల్లాంటి పిల్లలు వచ్చి నీళ్లలో కొట్టుకుపోతూ పెరుగుతాయి. మన ఎండ్రకాయ గుడ్డులోంచి నేరుగా చిన్న ఎండ్రకాయే వస్తుంది. తల్లి గుడ్లనూ పిల్లల్నీ పొట్ట కింది మడతలో పెట్టుకుని మోస్తుంది. అందుకే ఒక వాగు ఎండ్రకాయ ఆ వాగుదే. ఎక్కడో పుట్టి ఇక్కడికి కొట్టుకొచ్చేది కాదు. ఒక వాగులో అవి అయిపోతే పక్క వాగు నుంచి వచ్చి నిండడం అంత తేలిక కాదు. పొట్ట మడత వెడల్పుగా ఉంటే ఆడది, సన్నగా ఉంటే మగది. మడత ఎత్తి చూసి పిల్లలుంటే నీళ్లలో వదిలేయమని పెద్దలు చెప్పేది ఊరికే కాదు.

పట్టడం ఆడవాళ్ల విద్య, పిల్లల విద్య. మగవాళ్లు వలలకు, వేటకు పోతే వాగు ఒడ్డు వీళ్లది. తొలకరి పడ్డాక రాత్రిపూట ఎండ్రకాయలు బొక్కలు విడిచి మేతకు వస్తాయి. అప్పుడు దివిటీతో, ఇప్పుడు టార్చిలైటుతో, వెలుగు మీద పడగానే కదలకుండా నిలబడతాయి. వెనక నుంచి చిప్పను రెండు వేళ్లతో అదిమి పట్టాలి. ముందు నుంచి చెయ్యి పెడితే డెక్క పట్టేస్తుంది. ఎండాకాలం అయితే ఒడ్డున బొక్కలు తవ్వాలి. బొక్క నోటి దగ్గర తడి మట్టి ఉండలు తాజాగా ఉంటే లోపల ఎండ్రకాయ ఉన్నట్టు. మూతి నున్నగా, మట్టి లేకుండా ఉంటే చెయ్యి పెట్టొద్దు, అది పాము దూరిన బొక్క కావచ్చు. ఇది ఏ సైన్సు పుస్తకంలోనూ మాకు దొరకలేదు, పెద్దమ్మల వెంట తిరిగి నేర్చుకున్నదే. పున్నమికి గుల్లగా ఉంటాయి, అమాసకు కండ పడతాయి అని కూడా చెబుతారు. కుబుసం విడిచి మెత్తగా ఉన్నవాటిని తెచ్చుకోరు, కాలిస్తే నీరే తప్ప ఏమీ మిగలదు.

ఇంటికి తెచ్చాక కడవలోనో బొచ్చెలోనో నీళ్లు పోసి కాసేపు ఉంచుతారు, పొట్టలోని బురద పోతుంది. తరవాత రెండు మూడు నీళ్లలో రుద్ది కడగాలి. అప్పుడు కాల్చడం. ఇందులో రెండు పద్ధతులు. పిల్లలు ఆగలేని రోజు నేరుగా నిప్పుల మీద వేస్తారు. మంట మీద కాదు, మంట దిగిపోయి ఎర్రగా ఉన్న నిప్పుల మీద. మంట మీద వేస్తే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. గోధుమ రంగు చిప్ప ఎర్రబారుతుంది, కీళ్ల దగ్గర బుసబుసమని నీరు పొంగి ఇంకిపోతుంది. ఆ నీరు పూర్తిగా ఆగిందాకా తియ్యకూడదు.

రెండోది ఆకు పద్ధతి, చుట్టాలకు చేసేది. కాళ్లు విరిచి, చిప్ప ఊడదీసి, పక్కల ఉన్న దూదిలాంటి మొప్పలు తీసి పారేస్తారు. చిప్పకు అంటుకున్న పసుపు గుజ్జును మాత్రం పారేయరు, రుచంతా అందులోనే. ఆ గుజ్జులో ఉప్పు, నూరిన ఎండుమిరప, దొరికే కాలమైతే చింతచిగురు కలిపి, కండతో పాటు మళ్లీ చిప్పలోనే సర్దుతారు. దాన్ని అడ్డాకులోనో మోదుగాకులోనో రెండు మూడు పొరలు చుట్టి, నారతో కట్టి, వేడి బూడిద కిందికి తోసి పైన నిప్పులు కప్పుతారు. పై ఆకు నల్లగా మాడి, లోపలి ఆకు గోధుమ రంగుకు వచ్చేసరికి అయిపోయినట్టు. పట్నాల్లో పెద్ద హోటళ్లు చిప్పలో గుజ్జు నింపి ఓవెన్‌లో కాల్చి, భోజనానికి ముందు చిన్న పళ్లెంలో పెడతాయని విన్నప్పుడు మా అవ్వలు నవ్వారు. ఓవెన్ అంటే ఏమిటని అడిగితే, బూడిద లాంటిదే, కరెంటు బిల్లు వస్తుంది అని చెప్పాం.

పెట్టే తీరుకూ ఒక వరస ఉంది. ఇది అన్నంలోకి కూర కాదు. అన్నం ఉడికేలోపు, జావ చల్లారేలోపు తినేది. చిన్న కాళ్లు పిల్లలకు, నమిలి రసం పీల్చడానికి. డెక్కలు రాయి మీద చితగ్గొట్టి పెద్దవాళ్లకు ఇస్తారు. బావ వరస వాళ్లు వస్తే కల్లు ముంత పక్కన ఆకులో నాలుగు డెక్కలు పెట్టనిదే మాట మొదలుకాదు. పెళ్లి మాటైనా, పోడు హద్దు తగాదా అయినా. మిగిలినవి రోట్లో వేసి వెల్లుల్లి, మిరప, ఉప్పుతో నూరితే తొక్కు అవుతుంది, మర్నాడు పొలానికి జావతో పాటు పోతుంది. పట్టుకొచ్చిన మనిషికి మొదటి చిప్ప ఇవ్వాలి. ఆ మనిషి ఎనిమిదేళ్ల పిల్లైనా సరే.

ఇది వెనకబడినవాళ్ల తిండి అని ఎవరైనా అంటే వాళ్లకు పోర్చుగల్ సంగతి చెప్పండి. లిస్బన్‌కు దక్షిణాన సముద్రం ఒడ్డున ఫిగైరా బ్రావా అనే గుహ ఉంది. అక్కడ దొరికిన పీత చిప్పలను పరీక్షించి, సుమారు 90,000 ఏళ్ల కిందట నియాండర్తల్ మనుషులు పీతల్ని నిప్పుల మీద కాల్చుకుని తిన్నారని పరిశోధకులు 2023లో ప్రకటించారు. చిప్పల మీది నల్ల మచ్చలను బట్టి 300 నుంచి 500 డిగ్రీల వేడి తగిలిందని లెక్క కట్టారు. అక్కడి నియాండర్తల్ మనిషికీ, మా పొయ్యి దగ్గర కూర్చున్న పిల్లకూ పద్ధతి ఒక్కటే. తొంభై వేల ఏళ్లుగా నిలిచిన వంట ఇంకొకటి ఏముందో మాకు తోచదు.

ఇక్కడే ఒక జాగ్రత్త. నీరు ఇంకిందాకా తియ్యొద్దు అన్న అవ్వ మాట వెనక రోగం ఉంది. పచ్చిగా, సగం కాలి ఉన్న మంచినీటి ఎండ్రకాయ తింటే ఊపిరితిత్తుల్లో చేరే ఒక పురుగు ఉంది, పేరు పారగొనిమస్. దగ్గు, నెత్తురు పడటం చూసి క్షయ అనుకుని నెలల తరబడి క్షయ మందులు వాడిన వాళ్లు మణిపూర్, నాగాలాండ్ లాంటి ఈశాన్య రాష్ట్రాల్లో ఎందరో ఉన్నారు. బాగా ఉడికితే, బాగా కాలితే ఆ పురుగు చచ్చిపోతుంది. పచ్చి ఎండ్రకాయను దంచి ఆ రసాన్ని దగ్గుకు మందుగా తాగించే అలవాటు ఎక్కడైనా ఉంటే టీచర్లు గట్టిగా మాన్పించాలి. పులుసు కాచి తాగితే ఇబ్బంది లేదు. పచ్చివాటిని కోసిన కత్తి, పట్టిన చెయ్యి కడుక్కోవాలి.

ఇప్పుడు వాగు సంగతి. ఎండ్రకాయ తినాలంటే వాగు దగ్గరికి పోయే దారి ఉండాలి. మన చరిత్రలో ఆ దారి చాలాసార్లు మూసుకుపోయింది. నిజాం కాలంలో అడవుల్ని రిజర్వు చేసి హద్దు రాళ్లు పాతినప్పుడు, చాలాచోట్ల గూడెం ఇవతల, వాగు అవతల అయ్యాయి. తెలంగాణ సాయుధ పోరాటం చివరి ఏళ్లలో, 1949 తరవాత, పాల్వంచ, ఇల్లందు అడవుల్లోని కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల్లోకి చేర్చారు. పోరాడేవాళ్లకు గింజ అందకూడదని చేసిన పని అది. క్యాంపుల్లో జబ్బులొచ్చి మనుషులు పోయారు. ఆ కాలం గురించి చెప్పేటప్పుడు ముసలివాళ్లు తుపాకుల సంగతి ఒక్క మాటలో ముగించి, చెయ్యి చాపితే అందే ఆకు, గడ్డ, చేప, ఎండ్రకాయ లేక రేషను గింజల కోసం వరసలో నిలబడటం గురించి చాలాసేపు చెబుతారు. చరిత్ర పాఠంలో మనం సాధారణంగా తుపాకుల సంగతే చెప్పి ఆపేస్తాం.

తరవాతి కాలంలో దారి ఉంది గానీ వాగులో సరుకు తగ్గింది. దీనికి అడవి శాఖను ఒక్కదాన్నే అనలేం. వరి రైతుకు ఎండ్రకాయ పగ. గట్టుకు బొక్క పెడుతుంది, మడిలో నీరు నిలవదు, లేత నారు కొరికేస్తుంది. పూర్వం ఆ పగ తీర్చుకునే పద్ధతి పట్టుకుని తినడమే. రెండు పనులూ ఒకేసారి అయ్యేవి. సంకరజాతి వరి, దాంతోపాటు గుళికల మందు వచ్చాక బొక్కలో చిటికెడు ఫోరేటు గుళికలో, కార్బోఫ్యూరాన్ గుళికలో వేసి మట్టి కప్పడం అలవాటైంది. బయటి ఆసాములే కాదు, మన రైతులూ వేశారు. పురుగుమందు పురుగుకూ ఎండ్రకాయకూ తేడా చూడదు. రెండూ కీళ్ల కాళ్ల జీవులే, బడిలో ఆర్థ్రోపొడా అని చెప్పేది ఇదే. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర పరిశోధకులు వరిమడి ఎండ్రకాయ మీదే ఎన్నో ఏళ్లు ప్రయోగాలు చేశారు. పురుగుమందు దాని నరాల పనిని, కుబుసం విడవడాన్ని, గుడ్లు పెట్టడాన్ని ఎలా దెబ్బతీస్తుందో కాగితాల మీద పెట్టారు. మన అవ్వలకు అదే సంగతి ఖాళీ బుట్టలో కనిపించింది. ఫోరేటును దేశంలో 2020 చివరికి నిషేధించారు. నిషేధం వచ్చేనాటికి చాలా బొక్కలు ఖాళీ. మందు కొట్టే పొలం కాలవల్లో ఎండ్రకాయల్ని ఇప్పుడు తేకపోవడమే మంచిది.

ఇక నీళ్లు. దమ్మపేట, అశ్వారావుపేట మండలాలంటే ఇప్పుడు ఆయిల్‌పామ్ తోటలు గుర్తొస్తాయి. అశ్వారావుపేటలో, మన అప్పారావుపేటలో నూనె ఫ్యాక్టరీలున్నాయి. గెలలకు రేటు వచ్చిన ఏడు మన కుర్రాళ్ల చేతుల్లోనూ డబ్బు ఆడుతుంది, దాన్ని కాదనడం న్యాయం కాదు. కానీ తరగతిలో ఈ లెక్క చేయించండి. ఎకరానికి 57 మొక్కలు. ఎండాకాలం ఒక్కో చెట్టుకు రోజుకు 200 లీటర్లు అనుకుంటే ఎకరానికి రోజుకు 11,400 లీటర్లు. అదంతా బోర్లోంచే రావాలి. బోర్లు లోతుకు పోయేకొద్దీ వాగు ఒడ్డు చెమ్మ తగ్గుతుంది. ఎండ్రకాయ ఎండాకాలం గడిపేది ఆ చెమ్మలోనే, బొక్క అడుగున. చెమ్మ లేకపోతే తొలకరికి బయటికి వచ్చేది ఏమీ ఉండదు.

మన పిల్లల నోట్లోంచి ఈ తిండి మాట పోవడానికి ఇంకో కారణం సిగ్గు. మేము చదువుకున్న హాస్టల్లో ఇంటి నుంచి తొక్కు తెచ్చుకున్న పిల్లను వాసన వస్తుందని విడిగా కూర్చోబెట్టిన రోజులు ఉన్నాయి. ఆ పిల్ల తరవాత తొక్కు తేలేదు, ఇంటికి పోయినా అడగలేదు. ఇప్పుడు గాలి కొంచెం మారింది. ఒడిశాలో మయూర్‌భంజ్ ఆదివాసీల ఎర్రచీమల చట్నీకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిన్నటిదాకా ముఖం తిప్పుకున్నవాళ్లే ఇప్పుడు దాని పోషకాల గురించి మాట్లాడుతున్నారు. గుర్తింపు వచ్చిందని సంతోషమే. మా భయం ఏమిటంటే, వాగు చేతిలో లేకుండా వంటకు మాత్రం పేరొస్తే ఎండ్రకాయ హోటలుకు పోతుంది, మనం బిల్లు కట్టి తినాలి.

అందుకే చట్టం దగ్గరికి రావాలి. అటవీ హక్కుల చట్టం 2006 అంటే మనవాళ్లకు పోడు పట్టా ఒక్కటే గుర్తుంది. అదే చట్టంలో 3వ సెక్షన్ (1) లోని 'డి' అంశం చదవండి. చేపలు, నీటి వనరుల్లో దొరికే ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు అందులో ఉంది. ఎండ్రకాయ, నత్త, ఆల్చిప్ప అన్నీ ఆ 'ఇతర' అన్న మాటలోకి వస్తాయి. పుస్తకాల్లో 'మొదలైనవి' మనల్ని మాయం చేస్తే, చట్టంలో ఈ 'ఇతర' మనకు తలుపు తీసింది. 1996 నాటి పెసా చట్టం కూడా షెడ్యూల్డు ప్రాంతంలో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించమని చెబుతుంది. కానీ పట్టాల వేడిలో సామూహిక హక్కుల ఫారం 'బి'ని పట్టించుకున్న గ్రామసభలు తక్కువ.

ఫారం 'బి'లో చేపలు, నీటి వనరుల వాడకం గురించి ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలొద్దు. 'వాగు వాడుకుంటాం' అని ఒక్క ముక్క రాసినా చాలదు. వాగు పేరు, ఏ మడుగు నుంచి ఏ మడుగు దాకా, ఏ నెలల్లో పోతారు, ఎవరు పోతారు, ఏమేమి తెస్తారు, పిల్లల తల్లిని వదిలేసే కట్టుబాటు ఉందా, ఇవన్నీ రాయాలి. సాక్ష్యంగా ఒకటికి మించి పెట్టాలని నియమం. 13వ నియమం ప్రకారం హక్కు అడిగేవాళ్లు కాని పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే. అంటే మీ పక్క గూడెం అవ్వ, 'మా అమ్మతో ఫలానా మడుగులో ఎండ్రకాయలు పట్టేదాన్ని, అప్పుడు దివిటీలు, అడ్డాకులో కాల్చేవాళ్లం' అని చెబితే, ఆ మాట తేదీతో, వేలిముద్రతో కాగితం మీదికి ఎక్కితే, అది సబ్ డివిజన్ కమిటీ ముందు చెల్లుతుంది.

ఈ పనికి డిగ్రీలు అక్కర్లేదు. తొమ్మిదో తరగతి చదివే పిల్ల రాయగలదు. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరు ఇద్దరు పెద్దల మాట రాసుకురావాలని మా పిల్లలకు చెప్పాం. అవ్వలు మొదట 'ఎండ్రకాయలకు కాగితమెందుకే' అని నవ్వుతారట. తరవాత మడుగుల పేర్లు చెప్పడం మొదలుపెడతారట. ఒక అవ్వ పదకొండు మడుగుల పేర్లు చెప్పింది, అందులో నాలుగు ఇప్పుడు తోటల్లో కలిసిపోయాయి. పిల్లలు ఆ నాలుగు పేర్లు కూడా రాశారు.